మేకుకు కట్టిన పెన్సిలు

కదిరి నుంచి మదనపల్లె పోయే దారిలో మా నల్లచెరువు. మా వంటింటి తలుపు పక్కన, పాల క్యాను కడిగి బోర్లించే చోట, మేకుకు గోడ క్యాలెండరు వేలాడుతుంటుంది. అదే మేకుకు పురికొసతో కట్టిన పెన్సిలు ముక్క. పొద్దున కేంద్రంలో పాలు పోసి వచ్చాక అమ్మ ఆ రోజు గడిలో పైన ఒక అంకె రాస్తుంది, సాయంత్రం కింద ఇంకొకటి. వెన్న శాతం తగ్గిన పూట అంకె చుట్టూ సున్నా చుడుతుంది. ఆవు ఎదకొచ్చి సూది వేయించిన రోజున గడి మూలన ఇంటూ గుర్తు పెడుతుంది. కట్టు నిలవకపోతే ఆవు మళ్ళీ ఎదకొచ్చేది సుమారు 21 రోజులకు. అంటే సరిగ్గా మూడు వారాలు. క్యాలెండరులో అదే వారం వరసలో మూడు గళ్ళు జరిగి ఒక చుక్క పెడితే చాలు. వేళ్ళు మడిచి లెక్కపెట్టే పనే లేదు, గళ్ళే లెక్క కట్టి పెడతాయి.

మూడేళ్ళ కిందట అమ్మ ఫోనులో పాల లెక్కల యాప్ ఒకటి వేసిచ్చాను. తెలుగులోనే ఉంది. పూటపూటా లీటర్లు నమోదు చేస్తే నెలాఖరున తనే కూడి చూపిస్తుంది. అమ్మ పది రోజులు శ్రద్ధగా వాడింది. పదకొండో రోజు క్యాలెండరు గడిలో అంకెలు మళ్ళీ కనబడ్డాయి. ఏమ్మా అంటే, "చేతులు తడిగా ఉంటాయి కదరా నాయనా, ఫోను యాడ పట్టుకునేది? దానికి వేలిముద్ర పడదు, నంబరు కొట్టల్ల, వెతకల్ల. ఆలోపల ఎన్ని లీటర్లో మర్చిపోతాను" అంది.

నా సంగతీ అంతే. బడిలో సైన్సు చెప్పే నేను ఆరేళ్ళలో పనులు రాసుకునే యాప్‌లు నాలుగు మార్చాను. ప్రతిదాన్నీ ఒక ఆదివారం కూర్చుని రంగులతో, విభాగాలతో అమర్చుకున్నాను. ప్రతిదాన్నీ నెల తిరక్కముందే తెరవడం మానేశాను. మానేసిన ప్రతిసారీ నాకే పట్టుదల లేదనుకుని నొచ్చుకున్నాను. అమ్మ మాత్రం ఒక్క క్షణం కూడా తనను తాను తప్పుపట్టుకోలేదు. వస్తువు పనికి కుదరలేదు, పక్కన పెట్టింది. జ్ఞాపకశక్తి మీద జరిగిన పరిశోధనలు చదివేకొద్దీ న్యాయం అమ్మ వైపే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

జరిగిపోయినదాన్ని గుర్తు తెచ్చుకోవడం వేరు, చేయాల్సినదాన్ని వేళకు గుర్తుంచుకోవడం వేరు. ఈ రెండోదాని మీద గిల్స్ ఐన్‌స్టీన్, మార్క్ మెక్‌డానియల్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు 1990 నుంచి ఎన్నో ప్రయోగాలు చేశారు. ఇందులోనూ రెండు రకాలున్నాయన్నారు. ఏదో ఒకటి కంటబడగానే గుర్తొచ్చే పనులు కొన్ని, గడియారం ప్రకారం మనమే గుర్తుంచుకోవాల్సినవి కొన్ని. అంగడి కనబడగానే ఉప్పు తేవాలన్న మాట తనంత తానే తడుతుంది. ఎనిమిదింటికి మాత్ర వేసుకోవాలన్నది అలా తట్టదు, మధ్యమధ్య మనసు గడియారం వైపు చూస్తూ ఉండాలి. మొదటి రకంలో గుర్తుచేసే బరువును ఎదుటి వస్తువు మోస్తుంది. అమ్మ క్యాను బోర్లించే చోటే క్యాలెండరు ఉండడంలోని బలం ఇదే. పాలు పోసి రావడమే సంకేతం. యాప్‌లో రాసుకున్న జాబితా అద్దం వెనక ఉంటుంది. అందులో ఉన్నది గుర్తు రావాలంటే ముందు జాబితా ఒకటి ఉందన్న సంగతి గుర్తు రావాలి.

ఇక రాసే క్షణం సంగతి. ఎంచుకోవాల్సినవి పెరిగేకొద్దీ నిర్ణయానికి పట్టే సమయమూ పెరుగుతుందని బ్రిటిష్ శాస్త్రవేత్త విలియం హిక్ 1952లో చూపాడు. పనుల యాప్ తెరిస్తే అది అడిగేవి చూడండి: ఏ విభాగం, ఎంత ముఖ్యం, ఏ తేదీ, ఏ గుర్తు? మనసులో మెదిలింది "కరెంటాయనకు ఫోన్ చేయాలి" అన్న ఒక్క ముక్కే. దానికి విభాగం ఏమిటో మనకింకా తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఫ్రాంక్ షిప్‌మన్, కేథరిన్ మార్షల్ అనే కంప్యూటర్ పరిశోధకులు 1999లో ఈ చిక్కునే ఒక వ్యాసంలో విప్పి చెప్పారు. మనిషి ఆలోచన ఇంకా రూపు కట్టకముందే చట్రంలో పెట్టమని సాఫ్ట్‌వేర్ నిలదీస్తే, జనం ఆ చట్రాన్ని తప్పించుకుంటారు, లేదా సాఫ్ట్‌వేర్‌నే వదిలేస్తారు.

అమ్మ సున్నా గుర్తు మొదటి రోజు నుంచీ లేదు. ఒక వేసవిలో పచ్చిమేత తగ్గి వెన్న పడిపోయినప్పుడు, ఏ పూట పడిందో తెలియాలని తనే చుట్టడం మొదలుపెట్టింది. ఇంటూ గుర్తు ఆ తర్వాతది. అవసరం ముందు వచ్చింది, గుర్తు వెనక వచ్చింది. కాగితం దేన్నీ అడ్డుకోదు. యాప్ తయారుచేసినవారు ఎక్కడో కూర్చుని ఊహించిన గళ్ళలో వెన్న పడిపోయిన పూటకు చోటుంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు.

అయినా కొత్త యాప్ వాడే మొదటి వారంలో అంత హాయి ఎందుకుంటుంది? 1927లో బెర్లిన్‌లో బ్లూమా జైగార్నిక్ అనే పరిశోధకురాలు సగంలో ఆపించిన పనులు పూర్తయిన పనులకన్నా ఎక్కువగా గుర్తుంటాయని రాసింది. తర్వాత అందరి ప్రయోగాల్లో అదే ఫలితం రాలేదు గానీ, తీరని పని మనసును గిల్లుతుందన్నది మనందరికీ అనుభవమే. 2011లో మాసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు దీనికి ఒక మంచి మాట చేర్చారు: పని పూర్తి కానక్కర్లేదు, ఎప్పుడు ఎలా చేస్తామో స్పష్టంగా అనుకున్నా ఆ గిల్లుడు తగ్గుతుంది. బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కల్లిన్ బృందం 57 మందిని పడుకోబోయే ముందు 5 నిమిషాలు కాగితం మీద రాయమంది. రేపటి పనులు రాసినవారు, అయిపోయిన పనులు రాసినవారికన్నా సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారని 2018లో ప్రచురించారు. రాయడం నిజంగానే బరువు దించుతుంది. అందుకే కొత్త యాప్‌లో అన్నీ దించేసిన ఆదివారం సాయంత్రం అంత తేలిగ్గా ఉంటుంది.

ఆ తేలిక నిలవకపోవడానికి కారణం జాబితాకు అంతు లేకపోవడం. ఏ పనికి ఎంతసేపు పడుతుందో మనం తక్కువగానే అంచనా వేస్తాం. కెనడాలో రోజర్ బ్యూలర్ బృందం 1994లో విద్యార్థులను థీసిస్ ఎన్నాళ్ళలో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు, పట్టింది 55 రోజులకు పైనే. ఇలాంటి అంచనాలతో తేదీలు పెట్టుకుంటే రెండో వారానికే తెర మీద గడువు దాటిన ఎర్ర అక్షరాలు పేరుకుపోతాయి. తెరిచిన ప్రతిసారీ బాకీల చిట్టా చూసినట్టుంటుంది, ఎవరైనా దాన్ని తెరవడం తగ్గించేస్తారు. ఇందులో సోమరితనం నాకు కనబడదు. నా జేబు నోటుబుక్కు పేజీకి ఇరవై గీతలుంటాయి, అంతే. మిగిలిన పనిని రేపటి పేజీలోకి చేత్తో ఎత్తి రాయాలి. అలా మూడోసారి రాయబోయేటప్పుడు ఇది అసలు అవసరమా అని చెయ్యి ఆగుతుంది. ఆ ఆగడమే నాకు బాగా పనికొచ్చింది. యాప్ అన్నిటినీ తనే జాబితాలో ఉంచుకుంటుంది గనక ఆ ప్రశ్న మనదాకా రాదు.

గుర్తుచేసే బరువును వస్తువే మోయడానికి నేను చూసిన గొప్ప ఉదాహరణ ధర్మవరంలో పట్టు మగ్గం. నేతగాడి తలపైన జాకార్డు పెట్టె, దానికి మాలలా కుట్టిన చిల్లుల అట్టలు. కాలితో తొక్కగానే ఒక అట్ట ముందుకొస్తుంది. చిల్లి ఉన్నచోట సూది దూరి పడుగు పోగు పైకి లేస్తుంది, చిల్లి లేనిచోట లేవదు. నాడా ఇటు నుంచి అటు పోతుంది, ఒక పేక పోగు పడుతుంది. మళ్ళీ తొక్కితే తర్వాతి అట్ట. కొంగులోని నెమలి అంతా అట్టల్లో ఉంది, నేతగాడు దాన్ని తలలో మోయడు. అతని కళ్ళు అంచు మీద, జరీ బిగువు మీద ఉంటాయి. ఎడ్విన్ హచిన్స్ అనే పరిశోధకుడు 1995లో ఓడ నడిపే నావికులను గమనించి రాసిన పుస్తకంలో ఆలోచన ఒక్క బుర్రలోనే జరగదని, చుట్టూ ఉన్న మనుషుల్లో, పనిముట్లలో కూడా పంచుకుని సాగుతుందని చెప్పాడు. మగ్గం ముందు కూర్చుంటే అది కళ్ళకు కడుతుంది. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మారీ జాకార్డ్ రూపొందించిన ఈ అట్టల పద్ధతినే చార్లెస్ బాబేజ్ తన గణన యంత్రం కోసం ఎంచుకున్నాడు. 1890 అమెరికా జనాభా లెక్కలకు హోలరిత్ వాడినవీ చిల్లుల అట్టలే. అంటే మన ఫోను వంశవృక్షంలో ఈ మగ్గం కూడా ఉంది. అట్ట నేతగాడిని ఏమీ అడగదు, వంతు రాగానే తనే ముందుకొస్తుంది. ఆ మర్యాద పనుల యాప్‌లకు అబ్బలేదు.

ఫోను దండగని నేననను. గడియారం ప్రకారం గుర్తుంచుకోవాల్సిన రెండో రకం పనుల్లో దాన్ని మించింది లేదు. బోరుకు త్రీఫేజు కరెంటు వేళలు మారినప్పుడు మా నాన్నను లేపేది ఫోను అలారమే. నలుగురు కలిసి చూసే జాబితా, దూరాన ఉన్న కొడుక్కి పంపాల్సిన లెక్క, పాత రాతల్లో ఒక్క పేరు వెతకడం, ఇవన్నీ దానికే చేతనవుతాయి. క్యాలెండరు వానకు తడుస్తుంది, చెదలు పడుతుంది. కానీ యాప్‌కూ చావుంది. లక్షలమంది వాడిన వండర్‌లిస్ట్ అనే పనుల యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని 2020 మే 6న ఆపేసింది. గూగుల్ ఇన్‌బాక్స్ అనే మెయిల్ యాప్ 2019 ఏప్రిల్‌లో మూతబడింది. అలవాటు కుదిరాక పనిముట్టు మాయమైతే మళ్ళీ మొదటి నుంచి నేర్చుకునే ఓపిక ఎందరికుంటుంది?

ఇప్పుడు నా ఫోనులో అలారాలు తప్ప పనుల యాప్ లేదు. చొక్కా జేబులో పట్టే నోటుబుక్కు ఉంది, పరీక్ష పేపర్లు దిద్దే బల్ల మీదే దాని చోటు. అమ్మ లెక్క మారలేదు. పోయినేడాది ఒక పదిహేను రోజుల పాల బిల్లులో రెండు పూటలు తగ్గి వచ్చాయి. అమ్మ క్యాలెండరును మేకు నుంచి తీసి, చుట్టి చంకలో పెట్టుకుని పాల కేంద్రానికి పోయింది. గళ్ళు ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ చదివింది. డబ్బు తర్వాతి బిల్లులో కలిసింది. జనవరిలో కొత్త క్యాలెండరు వచ్చినా పాతది వెంటనే తీయదు. డిసెంబరు ఆఖరి బిల్లు చేతికి వచ్చేదాకా రెండూ ఒకే మేకుకు, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. పెన్సిలు మాత్రం ఒకటే.