మూతపడిన గనిలోని గాలి

సికింద్రాబాదునుండి జనగామ, మహబూబాబాదులమీదుగా బెజవాడకు పోవు రైలుమార్గము 1889లో పూర్తియైనది. ఈ దారిలోని డోర్నకల్లు కూడలినుండి ఇల్లెందుకు ఒక శాఖ చీలును. ఇల్లెందు ప్రాంతమున బొగ్గున్నదని 1871లో విలియం కింగ్ అను భూగర్భశాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. ఆ బొగ్గు ఆవిరి ఇంజనులను నడిపినది. నేడు ఆ ఇంజనులు లేవు. పాత గనులు అనేకము మూతపడినవి. భూపాలపల్లిలో ఇంకను బొగ్గు తీయుచున్నారు. అయితే ఏ గనియైనను బొగ్గు తరిగినపుడు మూతపడక తప్పదు.

పాడుపడిన గనిని, కర్మాగారమును చూచినపుడు లోనికి పోవలెనను కుతూహలము కలుగుట సహజము. పైకప్పు కూలునేమో యను భయము అందరికిని తెలిసినదే. కంటికి కనబడని అపాయము మరియొకటి కలదు. అది లోపలి గాలి.

దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక పరీక్షనాళిక లోపలి గోడలను తడిపి, ఇనుపరజను అంటించి, నీరున్న పళ్లెములో తలక్రిందుగా నిలుపవలెను. కొన్ని దినములకు ఇనుము తుప్పుపట్టును. నీరు నాళికలో సుమారు అయిదవవంతు ఎత్తునకు ఎక్కును. గాలిలో నూటికి 21 పాళ్లుండు ఆమ్లజని ఇనుముతో కలిసిపోవుటయే ఇందుకు కారణము. మిగిలినది చాలవరకు నత్రజని.

మూసియున్న పాత ఇనుప తొట్టిలో జరుగునది ఇదే. గనిలో బొగ్గుకూడ ఆమ్లజనిని మెల్లగా పీల్చుకొనును. ఆధారముగా నిలిపిన కొయ్యదూలములు కుళ్లి బొగ్గుపులుసు వాయువును విడుచును. గని పనిచేయునంతకాలము పెద్ద పంకాలు క్రొత్తగాలిని ఆడించుచుండును. పంకా ఆగినచో చెడుగాలి లోపలనే నిలిచిపోవును.

పనివారుండు గనిలో ఆమ్లజని నూటికి 19 పాళ్లకు తగ్గరాదని మనదేశపు నిబంధన. సుమారు 16 పాళ్లవద్ద దీపము ఆరిపోవును. 10 పాళ్లకు దిగువను మనిషి స్పృహ తప్పును. 6 పాళ్లకు తగ్గినచో కొద్ది నిమిషములలో ప్రాణము పోవును. ఊపిరాడనట్టి బాధ ముందుగా తెలియదా? అనేక సమయములలో తెలియదు. ఊపిరి తీయవలెనను తహతహ మనకు ముఖ్యముగా రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగుటవలన కలుగును, ఆమ్లజని తగ్గుటవలన కాదు. నత్రజనికి వాసనలేదు, రంగులేదు. కనుక ఏ హెచ్చరికయు లేకయే మనిషి కూలిపోవును.

దీపము దింపి చూచిన చాలునా? చాలదు. కార్బన్ మోనాక్సైడు విషమే యైనను, దాని ఉనికిని దీపము తెలుపదు. మీథేను గాలిలో 5 మొదలు 15 పాళ్లవరకు ఉన్నచో దీపమే ప్రేలుడునకు కారణమగును.

నిన్న మంచిగాలి యున్నచోట నేడును ఉండునని నమ్మరాదు. తుపాను వచ్చి వాయుభారము తగ్గినపుడు గనిలోని చెడుగాలి ముఖద్వారమువరకు వచ్చును. భారము పెరిగినపుడు బయటిగాలి లోనికి పోవును. గనియు ఒకవిధముగా ఊపిరి తీయుచున్నట్లే! అందుచేతనే విడిచిన గని ముఖములకు గోడకట్టుట, కంచెవేయుట చేయుదురు. ఆ కంచె దాటరాదు.

పాడుబావులలో పూడిక తీయ దిగినవారికిని ఇదే ప్రమాదము. ఒకరు పడిపోగా, రక్షింపదలచి మరియొకరు దిగి, ఇద్దరును మరణించిన సంఘటనలు తరచు వినుచున్నాము. అట్టి సమయమున చేయదగినది బయటనే నిలిచి, ఇతరులను దిగనీయక, అగ్నిమాపకదళమును పిలుచుటయే. వారు తమ గాలిని తాము వెంట తీసికొనిపోవుదురు. బావిలోనికి వట్టిచేతులతో దిగువాడు రక్షకుడు కాలేడు, రెండవ బాధితుడగును.