గుండెలో గుడ్డముక్క

గద్వాలలో గుడ్డ గురించి మాట్లాడేటప్పుడు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. చీర ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు పెట్టి రెండింటినీ పోగుకు పోగు కలిపే ఊరది. అలాంటి ఊళ్లో డెబ్బై ఏళ్ల నేతగాడు ఒకాయన ఉన్నాడనుకుందాం. ఊహే, కానీ గిట్టుబాటయ్యే ఊహ. ఆయనకు గుండె లయ తప్పింది. రక్తం గడ్డకట్టకుండా డాక్టరిచ్చిన గోలీ కడుపులో పుండును రేపి, రెండుసార్లు రక్తం పోయేదాకా తెచ్చింది. ఇప్పుడు డాక్టరు "నీ గుండెలో పది రూపాయల బిళ్లంత గుడ్డముక్క పెడతాం, పక్షవాతం రాకుండా కాస్తుంది" అంటున్నాడు. ఆయన మొదట అడిగేది ధర కాదు. "ఏం గుడ్డ సారూ అది?"

పాలిస్టర్. మన చొక్కాల్లో ఉండే జాతే. దాన్ని రక్తనాళాల్లోకి తీసుకెళ్లిన కథలో ఒక బట్టల దుకాణం ఉంది. 1950ల మొదట్లో అమెరికాలోని హ్యూస్టన్‌లో మైకేల్ డిబేకీ అనే సర్జన్, ఉబ్బిపోయిన రక్తనాళం తీసేసి ఆ చోట కుట్టడానికి నైలాన్ కావాలని దుకాణానికి వెళ్లాడు. నైలాన్ అయిపోయిందన్నారు. డేక్రాన్ అని కొత్త రకం ఉందంటే ఒక గజం కొనుక్కుని, ఇంటికెళ్లి కుట్టుమిషన్ మీద గొట్టంలా కుట్టుకున్నాడు. డేక్రాన్ అంటే పాలిస్టరే. ఒంట్లో ఉండగా ఉండగా నైలాన్ సత్తువ కోల్పోతుందని, ఇది నిలబడుతుందని తరవాత తేలింది. దుకాణంలో సరుకు అయిపోవడం వైద్యానికి ఇంత మేలు చేసిన సందర్భం ఇంకొకటి నాకు గుర్తు రావడం లేదు.

ఇక ఈ గుడ్డకు గుండెలో పనేమిటి? ఎడమ పై గదికి ఆనుకుని బొటనవేలంత సంచి ఒకటి ఉంటుంది. పిండదశలోని గుండెగదికి ఇది మిగులు. ఆకారం మనిషికో తీరు. డాక్టర్లు వాటికి కోడిరెక్క, నాగజెముడు, కాలీఫ్లవర్, గాలి వాటం చూపే గుడ్డగొట్టం అని పేర్లు పెట్టుకున్నారు. సగం పేర్లు వంటింట్లోంచే తెచ్చుకున్నట్టున్నారు. గుండె సరిగ్గా కొట్టుకున్నంత కాలం ఈ సంచి కూడా ముడుచుకుంటూ తెరుచుకుంటూ రక్తాన్ని బయటికి నెడుతుంది. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే ఈ లయ తప్పే జబ్బు వచ్చిందా, పై గదులు ముడుచుకోవడం మాని వణకడం మొదలెడతాయి. కొందరికి గుండె దడ తెలుస్తుంది, కొందరికి ఏమీ తెలియదు.

నాగర్‌కర్నూలు కేసరి సముద్రం లాంటి పెద్ద చెరువు గట్టు మీద నిలబడి చూస్తే మిగతాది అర్థమవుతుంది. తూము దగ్గరా, మత్తడి దగ్గరా నీళ్లు కదులుతాయి. ఎక్కడో మూల వంపులో నిలబడిపోతాయి, అక్కడే నాచు పడుతుంది. వణికే గుండెలో ఆ మూల ఈ సంచి. కవాటాల జబ్బు లేకుండా లయ తప్పినవాళ్లలో, ఎడమ పై గదిలో దొరికిన రక్తపు గడ్డల్లో పదింట తొమ్మిది ఈ సంచిలోనే ఉన్నాయని 1996లో ఒక సమీక్ష లెక్క తేల్చింది. అక్కణ్నుంచి ఒక ముక్క ఊడి మెదడుకు చేరితే కాలు చెయ్యి పడిపోతాయి. ఇలా లయ తప్పినవాళ్లకు పక్షవాతం ముప్పు మిగతావాళ్లకంటే దాదాపు ఐదింతలు.

మన జిల్లాల్లో ఈ ముప్పుకు దూరం కూడా తోడవుతుంది. గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. గద్వాల నుంచి హైదరాబాద్ 190 కిలోమీటర్ల దాకా ఉంటుంది, కర్నూలు అంతకంటే దగ్గరే. అమ్రాబాద్ గుట్టల మీది ఊళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. వనపర్తిలో, నాగర్‌కర్నూలులో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, సంతోషమే. అయినా అర్ధరాత్రి మాట పడిపోయిన మనిషిని మోసుకుంటూ పరుగెత్తడం కంటే, ఆ రాత్రి రాకుండా చూసుకోవడమే ఇక్కడ తెలివి.

ఆ పనికి చాలా ఏళ్లు దిక్కయిన గోలీ వార్ఫరిన్. దాని పుట్టుక పశువుల కొట్టంలో. 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు మంచుతుపానులో 300 కిలోమీటర్లు బండి నడుపుకుంటూ, చచ్చిన పెయ్యదూడనూ, పాలక్యానులో గడ్డకట్టని దాని రక్తాన్నీ, బూజు పట్టిన గడ్డినీ తెచ్చి కార్ల్ పాల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ముందు పెట్టాడు. ఆ గడ్డిలోని పదార్థం ఏమిటో పట్టుకోవడానికి లింక్ బృందానికి ఏళ్లు పట్టింది. దాని తమ్ముడులాంటి వార్ఫరిన్ 1948లో ముందుగా ఎలుకల మందై బజారుకెక్కి, 1954లో మనుషుల మందయింది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐజన్‌హోవర్‌కూ ఇచ్చారు.

మంచి మందే, కానీ కొలత తప్పితే ఊరుకోదు. ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష 2కూ 3కూ మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ, పెరిగితే రక్తస్రావం. జొన్నరొట్టెలోకి ఈ వారం పాలకూర, తోటకూర దండిగా తిని వచ్చే వారం మానేస్తే చాలు, అంకె ఊగిపోతుంది. ఆకుకూరలు బంద్ పెట్టమని కాదు, రోజూ ఒకే తీరుగా తినమని దానర్థం. పరీక్షకు బస్సెక్కడం, మోతాదు మార్చుకోవడం, మళ్లీ బస్సెక్కడం, ఇదంతా బతికున్నన్నాళ్లూ.

అసలు ఆ సంచినే మూసేస్తే పోలేదా? ఆలోచన పాతదే. 1949లోనే జాన్ మాడెన్ అనే సర్జన్ దాన్ని కోసి తీసేసిన సంగతి ప్రచురించాడు. కానీ అందుకు రొమ్ము తెరవాలి. తెరవకుండా పని జరగాలంటే, సన్నగా మడిచి పంపితే లోపల తనంతట తాను విచ్చుకునే లోహం కావాలి.

అదీ దొరికింది, యుద్ధనౌకల వాళ్ల దగ్గర. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ నికెల్, టైటానియం కలిపి క్షిపణి ముక్కుకు పనికొచ్చే లోహం వెతుకుతున్నాడు. 1960ల మొదట్లో ఒక సమావేశంలో దాని రేకును విసనకర్రలా మడతలు పెట్టి చూపిస్తుంటే, ఒకాయన పైపు వెలిగించుకునే లైటర్ సెగ తగిలించాడు. రేకు ఠక్కున సాగి తన పాత రూపుకు వచ్చేసింది. నిటినాల్ అని పేరు పెట్టారు. అందులో చివరి అక్షరాలు ఆ ప్రయోగశాల పేరులోవే.

2001 ఆగస్టు 30న జర్మనీలో హోర్స్ట్ సీవర్ట్, ప్లాటో అనే పరికరంతో మొదటిసారి రొమ్ము తెరవకుండా మనిషి గుండెలో ఆ సంచిని మూశాడు. ప్లాటో కొద్ది ఏళ్లకే బజారు నుంచి తప్పుకుంది. 2002లో మిన్నెసోటా కంపెనీ ఆట్రిటెక్ చేసిన రెండోది నిలిచింది. దాని పేరు వాచ్‌మన్. మన చెరువుల భాషలో చెప్పాలంటే నీరటి. తేడా ఒక్కటే, నీరటి తూము తెరవడమూ మూయడమూ రెండూ చేస్తాడు, ఇది ఒకసారి మూస్తే మూసినట్టే.

"లోపలికి ఎట్ల పంపుతరు?" తొడ దగ్గరి సిర నుంచి. సుమారు ఐదు మిల్లీమీటర్ల గొట్టం గుండె కుడి పై గదికి చేరుతుంది. రెండు పై గదుల మధ్య గోడకు సూదితో చిన్న బొక్క పెట్టి ఎడమవైపుకు దాటుతారు. ఆ గోడ దాటే విద్య 1959 నాటిది. గొంతులోంచి దించిన ఎకో కర్ర పక్కన నిలబడి దారి చూపిస్తుంది. సంచి మూతి దగ్గర గొట్టాన్ని వెనక్కి లాగితే, పాలిస్టర్ గుడ్డ కప్పిన నిటినాల్ గొడుగు మడత విచ్చుకుంటుంది. సంచి కొలత కంటే కాస్త పెద్ద సైజే ఎంచుకుంటారు, బిగిసి కూర్చోవడానికి. ఇప్పటి రకం 20 నుంచి 40 మిల్లీమీటర్ల దాకా దొరుకుతుంది. పది రూపాయల బిళ్ల 27. వదిలేసే ముందు ఒకసారి మెల్లగా లాగి చూస్తారు, ముడి బిగిసిందో లేదో నేతగాడు చూసినట్టే.

ప్రయాణం నల్లేరు మీద బండి నడక కాలేదు. 707 మందిపై జరిగి 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన మొదటి పెద్ద పరీక్షలో, పరికరం పక్షవాతం విషయంలో వార్ఫరిన్‌కు తీసిపోలేదు. కానీ పెట్టేటప్పుడే గుండె చుట్టూ రక్తం చేరి ప్రమాదమైనవాళ్లు వందకు దాదాపు ఐదుగురు. చేయి తిరిగేకొద్దీ అది తగ్గింది. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం మూడుసార్లు కూర్చుంటే గానీ అనుమతి రాలేదు, 2015 మార్చిలో. ఈలోపు 2011లో కంపెనీ బోస్టన్ సైంటిఫిక్ చేతికి వెళ్లింది, వార్ఫరిన్‌కు పోటీగా పరీక్షల బస్సెక్కనక్కర్లేని కొత్త గోలీలూ వచ్చాయి. వాటితో పోటీ పెట్టిన చెక్ పరీక్షలోనూ, 402 మందిలో, పరికరం వెనకబడలేదని 2020లో తేలింది. ఆమ్యులెట్ అనే పోటీ పరికరాన్ని వాచ్‌మన్‌తో తూచిన 1878 మంది పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. ఆ పత్రానికి మొదటి రచయిత అమెరికాలోని ధనుంజయ లక్కిరెడ్డి. ఇంటిపేరు చూశాక మనవాళ్లకు వేరే పరిచయం అక్కర్లేదు.

నా మట్టుకు, ఇన్ని లెక్కలు చూశాక కూడా, గోలీ పడేవాడు గోలీ వేసుకోవడమే మేలనిపిస్తుంది. దీర్ఘకాలం గోలీ పడనివాళ్ల కోసమే ఈ గుడ్డ. ధర లక్షల్లో ఉంటుందన్నది అటుంచినా మాట ఇదే.

"మా కోడలికి గూడ పెట్టియ్యొచ్చా?" అని నేతగాడు అడిగాడనుకోండి. కోడలికి నలభై లేవు, చిన్నప్పటి కీళ్లవాతం జ్వరం గుండె కవాటాన్ని ఇరుకు చేసింది, లయ కూడా తప్పింది. పెట్టకూడదు. మన పేద పల్లెల్లో లయ తప్పే గుండెల్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కవాటం ఇరుకైతే గడ్డలు సంచిలోనే కాదు, గదిలో ఎక్కడైనా కడతాయి. మూల ఒక్కటి మూస్తే చెరువంతా నాచు పోదు కదా. వీళ్లకు కొత్త గోలీల్లో ఒకటి వార్ఫరిన్‌కు సాటి రాలేదని, 24 దేశాల్లో నాలుగున్నర వేల మందికి పైగా రోగులతో చేసిన ఇన్విక్టస్ పరీక్ష 2022లో చూపింది. దాన్ని నడిపించినవాళ్లలో ముఖ్యుడు అప్పట్లో ఢిల్లీ ఎయిమ్స్‌లో ఉన్న గణేశన్ కార్తికేయన్. అంటే కోడలికి ఆ పాత ఎలుకల మందే దిక్కు, ఐఎన్ఆర్ బస్సూ తప్పదు. జ్వరం మళ్లీ తిరగబెట్టకుండా మూడు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూది, పిల్లలకు గొంతునొప్పి వచ్చినప్పుడు చూపించుకునే అలవాటు, ఆ ఇంటికి ఏ గొడుగుకంటే ఎక్కువ.

"చార్జింగ్ పెట్టాల్నా?" అక్కర్లేదు. బ్యాటరీ లేదు, తీగ లేదు, కదిలే భాగం లేదు. సెల్‌ఫోన్‌తో పేచీ లేదు. ఎంఆర్ఐ తీయించుకోవచ్చు, ముందు చెప్పాలి అంతే. నికెల్ పడని ఒళ్లయితే అదీ ముందే చెప్పాలి. ఆసుపత్రి ఇచ్చే చిన్న కార్డు, పరికరం సైజూ నంబరూ ఉన్నది, ఆధార్ కార్డుతో పాటు అదే కవర్లో పెట్టుకోవాలి.

"గోలీలు బందేనా ఇగ?" ఇక్కడే చాలామంది పొరపడతారు. గుడ్డ రక్తానికి కొత్త వస్తువు. కొత్త వస్తువు మీద రక్తం గడ్డకడుతుంది. గడ్డలు ఆపడానికి పెట్టినదాని మీదే గడ్డ, వందలో ముగ్గురు నలుగురికి. అందుకని వాచ్‌మన్ పెట్టాక సాధారణంగా 45 రోజులు రక్తం పలచబరిచే మందు, ఆపైన ఆరు నెలల దాకా రెండు రకాల గోలీలు, తరవాత ఆస్పిరిన్ ఒక్కటే. మన నేతగాడిలా కడుపులో పుండున్నవాళ్లకు డాక్టరు ఈ వరస మారుస్తాడు. కడుపు బాగైందని, డబ్బులయిపోయాయని మధ్యలో సొంతంగా ఆపడమే ప్రమాదం. 45 రోజుల తరవాత మళ్లీ గొంతులోంచి ఎకో ఉంటుంది. గుడ్డ అంచు పక్కన ఐదు మిల్లీమీటర్ల కంటే పెద్ద సందు ఉందా, మీద గడ్డ ఏమైనా పడిందా అని చూస్తారు. నొప్పి ఉండదు గానీ ఎవరికీ ఇష్టమైన పరీక్ష కాదది. ఆరు నెలల్లోపు పన్ను పీకించుకోవాల్సి వస్తే పళ్ల డాక్టరుకు గుండె సంగతి చెప్పాలి.

ఈ ఆరు నెలల్లో లోపల నేత ఒకటి సాగుతుంటుంది. గుండె లోపలి గోడకు ఉండే సన్నని కణాల పొర, గుడ్డ అంచు మీదికి పాకి, పోగుల మధ్య సందులు పూడ్చుకుంటూ వస్తుంది. కుక్కల మీద చేసిన పరీక్షల్లో 45 రోజులకే గుడ్డంతా కప్పేసింది. మనుషుల్లో నెమ్మది. కప్పడం పూర్తయ్యాక అది గుండె గోడే, సంచి అవతల ఉండిపోతుంది. అప్పుడు గద్వాల నేతగాడే వచ్చి తడిమినా, ఏ పోగు ఎక్కడ మొదలైందో వేలికి అందదు.