బార్కాస్ మర్ఫా, ప్యూర్టోరికో రెగెటాన్

మన పిల్లలు కారెక్కగానే పెట్టే పాటల్లో ఈమధ్య స్పానిష్ పాటలు తప్పనిసరిగా ఉంటున్నాయి. జుంబా క్లాసుకు వెళ్లేవాళ్లకైతే ఆ దరువు ఈపాటికే ఒంటపట్టి ఉంటుంది. దాని పేరు రెగెటాన్. ‘అన్నీ ఒకేలా ఉంటాయి’ అని మన పెద్దవాళ్లు చాలామంది కొట్టిపారేస్తారు. హైదరాబాద్ పాతబస్తీలో బరాత్ ముందు ఒక్కసారైనా నిలబడ్డవాళ్లు ఆ మాట అనకూడదు. పొట్ట చేతబట్టుకుని సముద్రం దాటి వచ్చినవాళ్లు తెచ్చిన దరువు, పెద్దమనుషులు చిన్నచూపు చూసినా ఊరంతా ఎగిరిన దరువు మనకూ ఒకటుంది. అది మర్ఫా.

ముందు రెగెటాన్ సంగతి. దాని ప్రాణమంతా ‘డెంబో’ అనే ఒక్క దరువులో ఉంది. ఆది తాళం లాగా ఎనిమిది లెక్కపెట్టండి. 1, 5 మీద లావు దెబ్బ, 4, 7 మీద పదునైన దెబ్బ. నోటితో ‘తకిట తకిట తక’ అనుకుంటే చాలు, మూడు మాటల మొదటి అక్షరాలూ 1, 4, 7 మీద పడతాయి. రెండో తకిటలో ‘కి’ దగ్గర లావు దెబ్బ మళ్లీ వస్తుంది. ఆ 3, 3, 2 విరుపే నడుమును కదిలిస్తుంది. ఇది ఒకసారి చెవికి పట్టిందంటే పాటకూ పాటకూ తేడా తెలియడం మొదలవుతుంది.

ఆ దరువు నడిచిన దారి చూడండి. 1904 నుంచి 1914 దాకా పనామా కాలువ తవ్వడానికి బార్బడోస్, జమైకాల నుంచి వేలమంది నల్లజాతి కూలీలు వెళ్లారు. వాళ్ల మనవలు జమైకా రెగేను స్పానిష్‌లో పాడారు. 1990లో జమైకా గాయకుడు షాబా ర్యాంక్స్ ‘డెం బో’ పాట వచ్చింది. దాని వాద్యపు వరస న్యూయార్క్ మీదుగా ప్యూర్టోరికో చేరి, శాన్‌హువాన్ పేదల కాలనీల్లో క్యాసెట్ల మీద చేతులు మారింది. 1995లో పోలీసులు దుకాణాల మీద పడి ఆ క్యాసెట్లు జప్తు చేశారు. 2002లో అక్కడి సెనేట్ ఈ పాటల అశ్లీలం మీద విచారణ పెట్టింది. రెండు మూడేళ్లలోనే అక్కడి గాయకుడు డాడీ యాంకీ పాట ‘గాసోలినా’ ప్రపంచమంతా మోగింది. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ అదే పాటను జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. మాటల్లో మోటుతనం ఉన్నమాట నిజమే, పిల్లలతో కలిసి వినేటప్పుడు తెలుసుకునే వినాలి. అయితే ‘నీతో ఆడినంత మాత్రాన నేను నీ సొత్తు కాను’ అనే ధోరణిలో 2003లోనే పాడిన గాయని ఐవీ క్వీన్ కూడా ఈ సంగీతంలోనే ఉంది.

ఇక మన ఊరు. చార్మినార్ నుంచి దక్షిణంగా, చాంద్రాయణగుట్ట దాటితే బార్కాస్. నిజాం కొలువులోని అరబ్బు సిపాయిల బారకాసులు ఉన్న చోటు. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన ఆ కుటుంబాలను ఊళ్లో చావుష్‌లు అంటారు. విదేశంలో సంపాదించి ఇంటికి డబ్బు పంపే మనవాళ్లకు ఒక విషయం నచ్చుతుంది: ఇక్కడ జమేదారుగా పనిచేసిన ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ హైదరాబాద్ సంపాదనతో హద్రమౌత్‌లో ఒక రాజ్యానికే పునాది వేశాడు. అది 1967 దాకా నిలిచింది. మాసబ్‌ట్యాంక్ పక్కన ఉన్న ఏసీ గార్డ్స్‌ది ఇంకో కథ. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అన్న పేరే అలా పొట్టిదైంది. తూర్పు ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు అక్కడి గుర్రపు దళంలో పనిచేశారు. ఈ అరబ్బులూ సిద్దీలూ కలిసి వాయించిందే మర్ఫా.

1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన ముగిసింది. దళాలు రద్దయ్యాయి, జీతాలు ఆగిపోయాయి. అరబ్బుల్లో కొందరు వెనక్కి వెళ్లారు. మిగిలినవాళ్లలో కొన్ని ఇళ్లకు మర్ఫాయే అన్నం పెట్టింది. నిజాం వేడుకల్లో మోగిన వాద్యం గల్లీ పెళ్లిళ్లకు దిగివచ్చింది.

మర్ఫా అంటే గిన్నెలాంటి నగారా. దానికి తోడు దఫ్‌లు, ఢోల్, లోహపు బిందె, చెక్క తాపీలు. పాట ఉండదనే చెప్పాలి, అంతా దెబ్బల సంభాషణే. పెళ్లికొడుకు బండి వెనకాల ఆగుతుంది. జట్టు అర్ధచంద్రాకారంగా నిలబడుతుంది. ముందు నింపాదిగా మొదలవుతుంది. లుంగీ ఎగ్గట్టిన కుర్రాళ్లు భుజాలు విసురుతూ లోపలికి దిగుతారు. ఒకడు కట్టె తిప్పుతాడు, అది ఒకప్పటి కత్తి ఆటకు గుర్తు. నోట్లు తల చుట్టూ తిప్పి వాయించేవాళ్లకు ఇస్తారు. తీన్‌మార్ దరువు మొదలైందంటే చూస్తున్నవాళ్ల కాళ్లు కూడా ఆగవు. ఇది మగవాళ్ల వీధి సందడి. ఇంటి లోపల ఆడవాళ్లు పాడే ఢోలక్ కే గీత్ వేరే సంపద, దానికి వేరే వ్యాసం కావాలి.

తీన్‌మార్ ఇప్పుడు పాతబస్తీది మాత్రమే కాదు. బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో, డల్లాస్‌లో మన పెళ్లి ఊరేగింపుల్లో కూడా అదే కావాలంటారు. తెలంగాణ డప్పుకు దాని సొంత చరిత్ర ఉంది, మాదిగ కళాకారుల చేతుల్లో తరతరాలుగా బతికింది. దాన్నీ మర్ఫానూ కలగాపులగం చేయడం రెండింటికీ అన్యాయమే. నాకు బాధ కలిగించేది ఇంకొకటి. హలీమ్ అరబ్బుల వెంట వచ్చిందని అందరికీ తెలుసు, 2010లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన కాళ్లను కదిలించే దెబ్బ వెనక ఉన్న సిద్దీల పేరు మాత్రం మన నోట రాదు. డీజే బండ్లు పెరిగాక మర్ఫా జట్లకు పిలుపులు తగ్గుతున్నాయి. పెళ్లిళ్లలో ఈ ఆర్భాటం వద్దని మతపెద్దలు చెప్పడం కూడా ఉంది. ఆ అభ్యంతరాన్ని గౌరవించవచ్చు, కానీ వాయించేవాళ్ల బతుకుదెరువు గురించి కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి.

రెగెటాన్ వినడం మొదలుపెట్టేవాళ్లు ‘డెం బో’ వినండి, తర్వాత ‘గాసోలినా’, ఆపైన టెగో కాల్డెరోన్. నల్లజాతి గర్వాన్ని ఆ సంగీతంలోకి సూటిగా తెచ్చినవాడు ఆయన. మర్ఫాకు మాత్రం రికార్డింగు చాలదు. ఈసారి హైదరాబాద్‌లో పెళ్లి పెట్టుకుంటే జట్టును ముందుగా మాట్లాడుకోండి, బేరం గట్టిగా ఆడకండి. తోలు వదులైతే కాచుకోవడానికి వాళ్లకు కాస్త చోటు, కాస్త సమయం ఇవ్వండి. ఆ విరామంలో జట్టు పెద్దను పలకరించి, తాతలు ఏ దళంలో పనిచేశారో అడగండి. ఆ కబుర్లు మీ పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని వినండి.