కంప్యూటరులో చోటు లెక్క

సోమశిలలో నీరెంత యున్నదో తెలిసికొనక ఆత్మకూరు ప్రాంతపు రైతు నారుమడికి పూనుకొనడు. పెన్నపై కట్టిన ఆ జలాశయము నిండినపుడు 78 టి.ఎం.సి.ల నీరు పట్టును. అయితే మట్టము తెలిసినంతనే లెక్క ముగియదు. ఏ కాలువకెంత పోయినదో వేరుగా కూడవలెను. కంప్యూటరు డిస్కు విషయము కూడ ఇట్టిదే. ఎంత నిండినదన్నది ఒక ప్రశ్న, ఏది నింపినదన్నది వేరొక ప్రశ్న. ఈ రెండింటికి రెండు చిన్న ఆజ్ఞలు కలవు.

మాకు ఈ లెక్కతో పని యెక్కువ. నేడు రేడియోలో మాటయు పాటయు డిస్కులమీదనే నిలువ యుండును. ఉదయగిరి వెళ్ళి, కొయ్య గరిటెలు చెక్కు పనివారి మాటలు రికార్డు చేసితిమనుకొనుడు. సీడీ నాణ్యతతో, రెండు చానళ్ళలో, కుదింపకుండ తీసిన ధ్వని సెకనుకు 1,76,400 బైట్లు ఆక్రమించును. అనగా నిమిషమునకు కోటికి పైగా, అరగంటకు దాదాపు 31 కోట్ల 75 లక్షలు. ఒక వృద్ధుడు తన తాత ఉలి పట్టుట నేర్పిన తీరు చెప్పుచుండగా డిస్కు నిండెనా, రికార్డింగు అచ్చటనే నిలిచిపోవును. మరల అడుగవచ్చును గాని, రెండవమారు ఆ మాట ఆ తీరున రాదు. అంతకంటె పెద్ద ప్రమాదము మరియొకటి కలదు: చోటు చేయవలెనన్న తొందరలో, ఏది యెంత తినుచున్నదో చూడకయే, చేతికందిన పాత రికార్డింగును చెరిపివేయుట.

లినక్సు కంప్యూటరులో టెర్మినలు అను కిటికీ తెరచి, ఇంగ్లీషు చిన్న అక్షరములలో డి, ఎఫ్ అని కొట్టి, కొంత ఎడమిచ్చి, అడ్డుగీతయు దానిని ఆనుకొని హెచ్ అను అక్షరమును చేర్చి ఎంటరు నొక్కుడు. మొత్తము పరిమాణము, వాడినది, మిగిలినది, నిండిన శాతము వరుసగా కనబడును. హెచ్ అక్షరము అంకెలను మనుష్యులు చదువదగిన రూపమున చూపుటకు. ఒక టెరాబైటని కొన్న డిస్కు ఇచట 931 గిగాబైట్లకు మించి కనబడకున్న అంగడివానిని నిందింపవలదు. అతడు వేయి చొప్పున లెక్కించెను, ఈ ఆజ్ఞ 1024 చొప్పున లెక్కించును.

వాడినదియు మిగిలినదియు కూడిన మొత్తమునకు సరిపోకపోవుటయు కలదు. లినక్సులో ప్రచారమున నున్న ఎక్స్ట్ రకపు అమరికలలో సాధారణముగా నూటికి ఐదు పాళ్ళు నిర్వాహకునికై విడిగా నుంచబడును. తూమునకందని అడుగునీటితో దీనిని పోల్చవచ్చును గాని ఉపమానము కొంత కుంటును. ఈ చోటు వ్యర్థము గాదు. డిస్కు నిండినను యంత్రము పనిచేయుటకు అదియే ఆధారము.

ఈ ఆజ్ఞలు నేటివి కావు. బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు రూపొందించిన యూనిక్సునకు 1971 నవంబరులో వెలువడిన మొదటి గ్రంథములోనే రెండును కలవు. నాటి వారి డిస్కు 512 కిలోబైట్లది. పైన చెప్పిన ధ్వని అందులో మూడు సెకనులు పట్టునేమో! అంత ఇరుకున కాపురమున్నవారికి చోటు లెక్క తెలియుటలో వింత లేదు.

రెండవ ఆజ్ఞ డి, యు. మొదటిది అమరిక తనకై వ్రాసికొన్న మొత్తపు లెక్కను చదివి క్షణములో చెప్పును. ఇది అట్లుగాక, కరణము పొలము పొలము తిరిగినట్లు ప్రతి అరను తెరచి కూడుకొనుచు పోవును. పెద్ద డిస్కున కొంతసేపు వేచియుండవలెను. డి, యు, ఎడము, అడ్డుగీత, ఎస్, హెచ్, మరల ఎడము, నక్షత్రపు గుర్తు. అటుపై నిలువుగీత పెట్టి సార్ట్ అను మాటయు, ఎడమిచ్చి అడ్డుగీత హెచ్చును చేర్చినచో చిన్నవి పైన, పెద్దవి అడుగున వరుసగా వచ్చును. అడుగున కనబడిన అరలోనికి దిగి ఇదే ఆజ్ఞను మరల ఇయ్యవలెను. ఇట్లు మూడు నాలుగు మెట్లు దిగునప్పటికి అసలు సంగతి బయటపడును. తరచు అది మనము అనుమానించినది కాదు: ఎవరును చదువని చిట్టాల అర, లేక ఒకే రికార్డింగునకు మూడు నకళ్ళు.

చుక్కతో మొదలగు పేర్లను నక్షత్రపు గుర్తు పట్టుకొనదు. చెత్తబుట్ట అట్టి దాపున నుండును. కిటికీలో ఫైలును తొలగించినచో అది బుట్టలోనికి మారునే గాని చోటు తిరిగి రాదు. రెండు లెక్కలు ఒకదానికొకటి పొసగకపోవుటకు వేరొక కారణమును కలదు. ఏదో ప్రోగ్రాము తెరచి పట్టుకొనియున్న ఫైలును చెరిపితిమేని పేరు పోవును, చోటు పోదు. డి ఎఫ్ దానిని లెక్కించును, డి యు లెక్కింపదు. ఆ ప్రోగ్రామును మూసినగాని చోటు విడుదల కాదు.

ఇక చోటున్నను కొత్త ఫైలు పుట్టకున్న, డి ఎఫ్ ప్రక్కన హెచ్చునకు బదులు ఐ అని కొట్టి చూడుడు. ప్రతి ఫైలునకు ఐనోడు అను ఒక పద్దు కావలెను. కొన్ని అమరికలలో ఈ పద్దులకు ఒక పరిమితి కలదు. చిన్న చిన్న ఫైళ్ళను లక్షలుగా దాచు కార్యాలయములలో ఈ చిక్కు రావచ్చును. మావంటి పెద్ద ఫైళ్ళవారికి అరుదు.

చెరుపదలచినపుడు మొదట బుట్టను, పిదప నకళ్ళను చూడుడు. ఒకే ప్రతి యున్న రికార్డింగును మరియొక డిస్కునకు ఎక్కించి, అక్కడ తెరచి చివరివరకు విని, అటుపై ఇక్కడ తీసివేయుడు. పిమ్మట డి ఎఫ్ మరల కొట్టుడు. అంకె కదలకున్న బుట్ట ఇంకను నిండియున్నదేమో, ఆ ఫైలు ఎక్కడనైన తెరచియున్నదేమో చూడవలెను.