ఒక్కడి మీద ఇద్దరు: గాలిబియె కొండ మీద అసలేం జరిగింది?

2022 జులై 13. టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసులో పదకొండో స్టేజ్. ఆల్ప్స్ పర్వతాల్లో కోల్ దు గ్రానోన్ అనే ఇరుకు ఘాట్ రోడ్డు. ఫినిష్ లైన్‌కి ఐదు కిలోమీటర్లు కూడా లేదు. పసుపు జెర్సీ వేసుకున్న కుర్రాడు జిప్ మొత్తం కిందికి లాగేశాడు. జెర్సీ రెండు వైపులా రెక్కల్లా కొట్టుకుంటోంది. భుజాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. వెనక నుంచి ఒక్కొక్కరే వచ్చి దాటేసి పోతున్నారు.

ఆ కుర్రాడు తాదేయ్ పొగాచార్. స్లొవేనియా వాడు. అప్పటికి వయసు 23. అంతకు ముందు రెండేళ్లూ ఈ రేసు గెలిచింది అతనే. ఆ రోజు పొద్దున స్టేజ్ మొదలైనప్పుడు కూడా టాప్‌లో ఉన్నది అతనే. సాయంత్రానికి 2 నిమిషాల 51 సెకన్లు పోగొట్టుకున్నాడు, పసుపు జెర్సీతో సహా.

వీడియో చివరి ఐదు కిలోమీటర్లు మాత్రమే చూస్తే, డెన్మార్క్ కుర్రాడు యోనాస్ వింగెగార్డ్ ఒక్కసారి గట్టిగా తొక్కాడు, పొగాచార్ వల్ల కాలేదు, అంతే అనిపిస్తుంది. నేనూ మొదట్లో అలాగే అనుకున్నా. తర్వాత ఆ స్టేజ్ మొత్తం కూర్చుని చూశా. నా రూమ్మేట్ అయితే "ఒరేయ్, సైకిళ్లు కొండెక్కడం ఐదు గంటలు ఏం చూస్తావురా" అని తలుపేసుకుని పడుకున్నాడు. వాడికి పొద్దున్నే చెప్పిన కథే ఇది. పొగాచార్ ఓడింది గ్రానోన్ మీద కాదు. అంతకు ముందు కొండ మీద, ఇంకా 60 కిలోమీటర్లు ఉండగానే.

రేసు గురించి తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. మూడు వారాలు, 21 స్టేజ్‌లు. అన్ని రోజుల టైమూ కలిపితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లే విజేత. ఏ రోజుకారోజు టాప్‌లో ఉన్నవాడికి పసుపు జెర్సీ. ఒక్కో టీమ్‌లో ఎనిమిది మంది ఉంటారు, అందులో గెలవడానికి వచ్చేది మామూలుగా ఒక్కడే. మిగతా ఏడుగురూ అతని కోసం గాలికి అడ్డం వెళ్తారు, నీళ్ల బాటిళ్లు మోస్తారు.

గాలికి అడ్డం అంటే మామూలు సాయం కాదు. చదునైన రోడ్డు మీద గంటకు 45 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే రైడర్ శక్తిలో సింహభాగం గాలిని చీల్చడానికే పోతుంది. ముందువాడి వెనక చక్రానికి అతుక్కుని కూర్చుంటే బోలెడు ఆదా. అందుకే మైదానంలో ఎంత బలవంతుడైనా గుంపుని వదిలించుకోలేడు. కొండ మీద లెక్క తిరగబడుతుంది. మనిషీ సైకిలూ కలిపి 70 కిలోలు అనుకుందాం. 9 శాతం ఎత్తులో గంటకు 18 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే ఒక్క గురుత్వాకర్షణకే దాదాపు 310 వాట్లు కావాలి. నాలుగు పాత సీలింగ్ ఫ్యాన్లు తిరిగేంత కరెంటు. గాలికి పోయేది అందులో పదో వంతు కూడా ఉండదు. అంటే ఎవడి వెనక దాక్కున్నా లాభం కొంచెమే. ఎవడి బరువు వాడే మోసుకోవాలి.

గ్రానోన్ ఎలాంటిదంటే, 11.3 కిలోమీటర్ల పొడవునా సగటున 9.2 శాతం ఎత్తు. అలిపిరి నుంచి తిరుమలకి ఘాట్ రోడ్డు ఎంత ఎత్తు ఎక్కుతుందో అంతకన్నా ఎక్కువే, అదీ చాలా తక్కువ దూరంలో. పైన 2,413 మీటర్లు. అక్కడ గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే ముప్పావు వంతే. దానికి ముందు టెలిగ్రాఫ్, దాని మీద ఇంకా పైకి 2,642 మీటర్ల గాలిబియె. మూడు కొండలు వరసగా.

అయితే పొగాచార్‌ని కొండ మీద ఓడించడం ఎలా? అప్పటికి అందరికీ తెలిసిన దారి ఒకటే. చివరి కొండ దాకా ఆగడం, చివరి కిలోమీటర్లలో ఒక్క దెబ్బ కొట్టడం. అది పనిచేయదని ఐదు రోజుల ముందే తేలిపోయింది. ఏడో స్టేజ్, లా ప్లాంచ్ దె బెల్ ఫియ్ కొండ. చివర్లో గోడలాంటి ఎత్తులో వింగెగార్డ్ ముందుకు దూకాడు. గెలిచేశాడు అనుకునేంతలో ఆఖరి మీటర్లలో పొగాచార్ దాటేశాడు. ఒక్క దెబ్బ, ఒక్క సమాధానం అన్న ఆటలో అతనికి సాటి లేరు.

కానీ వింగెగార్డ్ టీమ్ జంబో-విస్మా దగ్గర ఇంకో ఆధారం ఉంది. 2021లో మోంట్ వెంటూ కొండ మీద, సుదీర్ఘమైన ఎక్కుడు చివర్లో, వింగెగార్డ్ పొగాచార్‌ని కాసేపు వదిలించుకున్నాడు. దిగేటప్పుడు పట్టుబడ్డాడు గానీ విషయం అర్థమైంది. ఫ్రెష్‌గా ఉన్న పొగాచార్‌ని కొట్టలేం. అలసిన పొగాచార్ మాత్రం మనిషే.

ఇక్కడ ఒంటి సంగతి కొంచెం చెప్పాలి. ప్రతి రైడర్‌కీ గంటసేపైనా లాగగలిగే ఒక స్థాయి ఉంటుంది. దానికి పైన తొక్కిన ప్రతి నిమిషం ఒక చిన్న నిల్వ నుంచి ఖర్చవుతుంది. ఫోన్‌లో ఒక చిన్న బ్యాటరీ వేరేగా ఉన్నట్టు ఊహించుకోండి. గేమ్ ఓపెన్ చేస్తే సర్రున దిగిపోతుంది, ఛార్జింగ్ మాత్రం నత్తనడక. పైగా కొండ ఎక్కుతూనే ఉంటే ఛార్జింగ్ ఇంకా నెమ్మది. ఒకే లయలో తొక్కేవాడికి ఈ నిల్వ చివరి దాకా మిగులుతుంది. ప్రతిసారీ ఎగిరి పరిగెత్తేవాడికి మిగలదు. కాబట్టి జంబో వాళ్లకి పొగాచార్‌ని వెనక్కి నెట్టాల్సిన పనే లేదు. అతను పదే పదే ఎగిరేలా చేస్తే చాలు.

దానికి ఇద్దరు కావాలి. వాళ్ల దగ్గర ఇద్దరున్నారు. వింగెగార్డ్ ఒకడు. 39 సెకన్ల వెనక ఉన్నాడు. రెండోవాడు ప్రిమోజ్ రోగ్లిచ్. 32 ఏళ్లు. ఐదో స్టేజ్‌లో రాళ్ల రోడ్ల రోజున కిందపడి భుజం తప్పితే, తనే సరిచేసుకుని మళ్లీ సైకిలెక్కాడు. ఆ రోజు రెండు నిమిషాలకు పైగా పోయింది. అయినా మూడుసార్లు స్పెయిన్ రేసు వుయెల్టా గెలిచినవాడు. అలాంటోడు ముందుకు పోతుంటే పోనీలే అనలేరు.

అవతల పొగాచార్ టీమ్ పరిస్థితి బాగోలేదు. కోవిడ్‌తో ఇద్దరు అప్పటికే ఇంటికెళ్లిపోయారు. కొండల్లో అతనికి దన్నుగా ఉండే రఫాల్ మైకాకి కూడా పాజిటివ్ వచ్చింది గానీ, అంటించే ప్రమాదం తక్కువని రేసులో కొనసాగనిచ్చారు.

ఆ రోజు జంబో టీమ్ పొద్దున్నే పావులు కదిపింది. వౌట్ వాన్ ఆర్ట్ స్టేజ్ మొదలవగానే ముందుకు ఉరికాడు. క్రిస్టఫ్ లాపోర్ట్ కూడా ముందు గుంపులో చేరాడు. వాళ్లు గెలవడానికి వెళ్లలేదు. దారిలో తర్వాత అవసరమయ్యే చోట కాచుక్కూర్చోడానికి వెళ్లారు. వెనక నుంచి తమ లీడర్ ఒంటరిగా తప్పించుకుని వస్తే, ముందున్నవాడు ఆగి లాక్కుపోతాడు.

టెలిగ్రాఫ్ కొండ పైభాగంలో మొదలైంది. టీష్ బెనూట్ వేగం పెంచాడు, రోగ్లిచ్ దూకాడు. పొగాచార్ వెంటపడ్డాడు. చూస్తుండగానే అతని టీమ్‌మేట్స్ వెనకబడ్డారు. గాలిబియె మొదటి వాలు మీదకి వచ్చేసరికి మిగిలింది నలుగురు: పొగాచార్, వింగెగార్డ్, రోగ్లిచ్, 2018 విజేత గెరయింట్ థామస్.

తర్వాత జరిగింది నేను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశా. రోగ్లిచ్ దూకుతాడు. పొగాచార్ లేచి నిలబడి తొక్కి పట్టుకుంటాడు. పట్టుకున్న మరుక్షణం రెండో వైపు నుంచి వింగెగార్డ్. మళ్లీ లేచి, మళ్లీ పట్టుకోవాలి. ఊపిరి తీసుకునేలోపు మళ్లీ రోగ్లిచ్. కబడ్డీలో కూతకొచ్చినవాణ్ణి రెండు మూలల నుంచి ఇద్దరు ఆడించినట్టు. వాళ్లిద్దరిలో ప్రతి ఒక్కడూ ఒక అటాక్ చేసి ఇంకో అటాక్ సేపు తేరుకుంటున్నాడు. పొగాచార్‌కి ఆ విరామం లేదు. రెండిటికీ సమాధానం చెప్పేది అతనొక్కడే. మా భాషలో అయితే సర్వర్‌ని హ్యాక్ చేయక్కర్లేదు, రిక్వెస్టులతో ముంచేస్తే చాలు అంటాం.

వదిలేయొచ్చుగా అని అడగొచ్చు. మా రూమ్మేట్ అదే అడిగాడు. వింగెగార్డ్‌ని వదలలేడు, 39 సెకన్లే తేడా. రోగ్లిచ్‌ని వదిలితే? పైన వాన్ ఆర్ట్ ఉన్నాడు. గాలిబియె దిగాక లోయలో రోడ్డు చదునుగా ఉంటుంది, గాలి లెక్క మళ్లీ మొదలవుతుంది. వాన్ ఆర్ట్ లాంటివాడు రోగ్లిచ్‌ని లాక్కుంటూ పోతే వెనక ఒంటరిగా ఉన్న పొగాచార్ ఆ గ్యాప్ పూడ్చలేడు. పైగా వింగెగార్డ్ అతని వెనక హాయిగా కూర్చుంటాడు, ఎందుకంటే ముందున్నది వాళ్ల టీమ్‌వాడే. ఏది చేసినా నష్టమే.

కానీ అన్నిటికీ ఒకే రకంగా స్పందించాలని లేదు. థామస్‌ని చూడండి. ప్రతి అటాక్‌కీ ఎగబడకుండా తన లయలో తాను తొక్కాడు. వెనకబడినా కంగారుపడలేదు. గ్రానోన్ పైకి పొగాచార్ కన్నా ముందే చేరాడు. పొగాచార్ మాత్రం రోగ్లిచ్ పది మీటర్లు కదిలినా వెంటనే గంతేశాడు. అంతటితో ఆగలేదు. గాలిబియె పైభాగంలో తనే ఎదురు అటాక్ చేశాడు! రోగ్లిచ్, థామస్ వెనకబడ్డారు. వింగెగార్డ్ ఒక్కడే చక్రం వదల్లేదు. ఆ క్షణంలో చూస్తే పొగాచారే మొనగాడు అనిపిస్తుంది. నా ఉద్దేశంలో రేసులో అతి పెద్ద తప్పు అదే. అడక్కుండానే తన బ్యాటరీ తనే ఖాళీ చేసుకున్నాడు. అయితే, అలా తొక్కకపోతే అతను పొగాచార్ అయ్యేవాడూ కాదు. జనం అతన్ని ఇష్టపడేదే ఆ పొగరు చూసి.

గాలిబియె దిగాక వెనకబడినవాళ్లంతా లోయలో కలిశారు. వాన్ ఆర్ట్ చెప్పిన చోట ఆగి వింగెగార్డ్ కోసం లాగాడు. గ్రానోన్ మొదలయ్యాక మైకా ముందుకొచ్చి పొగాచార్ కోసం వేగం పెంచాడు. ఇది నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. బయటికి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తోంది. పొగాచార్ మొహంలో తేడా లేదు. పవర్ మీటర్ ఎవరి సైకిల్ మీద వాళ్లకే కనిపిస్తుంది, ఎదుటివాడి బ్యాటరీ ఎంతుందో ఎవరికీ తెలియదు. వింగెగార్డ్ కూడా తెలిసి దూకలేదు, ప్రయత్నించి చూశాడు. అంతకు ముందు గాలిబియె మీద ప్రతిసారీ వచ్చిన సమాధానం ఈసారి రాలేదు.

అతను రెండో స్థానంలో వచ్చిన నైరో కింతానా కన్నా 59 సెకన్ల ముందు గీత దాటాడు. డెన్మార్క్‌లో ఒకప్పుడు పొద్దున్నే చేపల మార్కెట్‌లో పనిచేసి సాయంత్రం ప్రాక్టీస్ చేసిన కుర్రాడు పసుపు జెర్సీ వేసుకున్నాడు. పారిస్ దాకా విడవలేదు. 1996 తర్వాత టూర్ గెలిచిన మొదటి డెన్మార్క్ రైడర్ అతనే.

నాకు మాత్రం రోగ్లిచ్ గుర్తుండిపోయాడు. 2020లో ఇదే రేసు, ఇదే పొగాచార్. చివరికి ఒక్క రోజు ముందు, 57 సెకన్ల ఆధిక్యంతో రోగ్లిచ్ టైమ్ ట్రయల్ మొదలుపెట్టాడు. సాయంత్రానికి 59 సెకన్లు వెనకబడ్డాడు. సొంత దేశపు 21 ఏళ్ల కుర్రాడి చేతిలో, చేతికందిన టూర్ పోయింది. స్కీ జంపర్‌గా మొదలై, లేటుగా సైకిలెక్కి అంత దూరం వచ్చినవాడు. రెండేళ్ల తర్వాత, పాడైన భుజంతో, ఆ కుర్రాణ్ణి ఓడించడంలో అతనికి దొరికిన పాత్ర తను ఓడిపోవడమే. గాలిబియె మీద దూకిన ప్రతిసారీ తన ఛాన్సు తనే తగలబెట్టాడు. ఆ రోజు వింగెగార్డ్ కన్నా పది నిమిషాలకు పైగా ఆలస్యంగా గ్రానోన్ ఎక్కాడు. పదిహేనో స్టేజ్ మొదలవకముందే ఇంటికెళ్లిపోయాడు.

అదే ఎత్తు ఎల్లకాలం పారదు. 2025లో మాటియో జోర్గెన్సన్‌ని రెండో కత్తిగా వాడి ఆ టీమ్ మళ్లీ ప్రయత్నించింది, పొగాచార్ లొంగలేదు. పైగా ఓటకామ్ కొండ అడుగునే, 12 కిలోమీటర్లు ఉండగా తనే మొదటి దెబ్బ కొట్టి వింగెగార్డ్ మీద 2 నిమిషాల 10 సెకన్లు సంపాదించాడు. ఎదుటివాళ్లు ఆడించేలోపే ఆట ముగించేశాడన్నమాట.

2022 స్టేజ్ చూడాలనుకుంటే హైలైట్స్ క్లిప్ జోలికి పోకండి. దాదాపు అన్నిట్లోనూ పెద్ద వాటా గ్రానోన్‌దే. పూర్తి రేసు దొరికితే టెలిగ్రాఫ్ పైభాగం నుంచి మొదలుపెట్టండి. వింగెగార్డ్‌ని కాదు, పొగాచార్ సీటు మీంచి ఎన్నిసార్లు లేస్తున్నాడో లెక్కపెట్టండి. మా రూమ్మేట్ పన్నెండు దాకా లెక్కపెట్టి టీ పెట్టడానికి లేచాడు. ఈసారి తలుపేసుకోలేదు.