అరకులోయకు సైకిలు దారి

శృంగవరపుకోటలో నిలుచుండి వాయవ్యమునకు చూచినచో నీలముగా కొండలు వరుసదీరి కనబడును. పెండ్లియై యీ యూరికి వచ్చిన పదునాలుగేండ్లుగా నేనా కొండలను పెరటిగోడ మీదుగా చూచుచునే యుంటిని. బస్సులో నాలుగు పర్యాయములు, రైలులో రెండు పర్యాయములు అరకునకు పోయి వచ్చితిని గాని, ఆ దారి నా కండ్లకు మాత్రమే తెలియును, కాళ్లకు తెలియదు. గడచిన కార్తికమాసమున నేనును, మా ఆడపడుచు కొమార్తెయు సైకిళ్లపై పోయి వచ్చితిమి. ఆ మార్గమెట్టిదో, అందేయే జాగ్రత్తలు వలయునో, నేనెచ్చట పొరబడితినో సోదరీమణులకు తెలుపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

నాకు సైకిలు వచ్చుట చిన్ననాటి సంగతి కాదు. మా నాయనగారు నాకు ఆంధ్ర భారతమును, మనుచరిత్రమును చెప్పిరి గాని సైకిలు నేర్పలేదు. 2017లో మా వారి బడిలోని బాలికలకు ప్రభుత్వమువారు సైకిళ్లిచ్చిరి. సాయంకాలములందు ఆ పిల్లలు బడి యావరణలో పడుచు లేచుచు నేర్చుకొనుచుండగా, నేనును వారితోడ పడుచు లేచుచు నేర్చితిని. "పంతులుగారి భార్య పిల్లలతో కూడి సైకిలెక్కుచున్నది" అని వీధిలో కొన్నాళ్లు చెప్పుకొనిరి. మా అత్తగారు మాత్రము, "పడినప్పుడు మోకాలికి పసుపు నేనే కదా పెట్టుచున్నాను, వారికేమి?" అని యూరకుండిరి.

విశాఖపట్టణమునుండి అరకునకు రోడ్డు సుమారు 115 కిలోమీటర్లు. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట వరకు బయలు నేల. అందు చెప్పదగినదేమియు లేదు, లారీల దుమ్ము తప్ప. కోటనుండి అరకునకు రమారమి 60 కిలోమీటర్లు. బొడ్డవర దాటిన పిమ్మట ఘాటు రోడ్డు మొదలగును. టైడా, డముకు, అనంతగిరి, గాలికొండ, సుంకరమెట్ట, ఇవి దారిలో పేరుగల తావులు. గాలికొండ యొద్ద దారి అరకు కంటెను ఎత్తయినది. అచ్చటనుండి లోయలోనికి మరల దిగవలెను. అరకులోయ సముద్రమట్టమునకు 900 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది గనుక, రేవుపట్టణమున బయలుదేరినవారు ఆ యెత్తునంతయు తమ కాళ్లతోనే సంపాదించుకొనవలయును.

ఇచ్చట గేర్లను గూర్చి కొంచెము చెప్పవలెను. మా యింటి పాత సైకిలునకు తొక్కుడు చక్రమునకు 48 పళ్లు, వెనుక చక్రమునకు 18 పళ్లు. ఒకసారి పెడలు పూర్తిగా త్రిప్పినచో వెనుక చక్రము రెండు చుట్లకు పైగా తిరిగి, బండి సుమారు 6 మీటర్లు ముందునకు పోవును. బయలు నేలపై ఇది సుఖమే. కొండపై ఆ 6 మీటర్లును ఒక్క త్రొక్కుతో ఎక్కించుట మనవంటివారికి సాధ్యము కాదు. గేర్ల సైకిలులో ముందు 34 పళ్లు, వెనుక 34 పళ్లు గల జతకు చైనును మార్చినచో ఒక చుట్టునకు 2 మీటర్లు మాత్రమే కదలును. పని తగ్గలేదు; దానిని చిన్నచిన్న ముద్దలుగా చేసికొంటిమి, అంతియే. బిడ్డకు అన్నము పెట్టు తల్లికి ఈ గణితము వేరుగా నేర్పనక్కరలేదు. మా వారు విశాఖలో నొకరు వాడి విడిచిన గేర్ల సైకిలును కొని తెచ్చిరి. పిల్లకు తనదే యుండెను.

తెల్లవారుజామున ఇంకను చుక్కలుండగనే బయలుదేరితిమి. ఘాటు మొదట నేను తొందరపడి, పిల్లను దాటిపోవలెనని వేగముగా తొక్కితిని. రెండు మలుపులకే ఊపిరి అందలేదు. "అత్తయ్యా, మాట్లాడుచు తొక్కగలిగినంత వేగముననే పొండి. మాట ఆగినచో వేగము ఎక్కువైనట్లు" అని యది చెప్పెను. పిల్లలనుండి నేర్చుకొనుటకు నేనెన్నడును సిగ్గుపడలేదు. పిమ్మట మేము మాట్లాడుచునే యెక్కితిమి. మా వదినగారి సంగతులన్నియు ఆ కొండ విన్నది.

పైకి పోవుకొలది చెట్లు మారును. నిటారుగా పెరిగిన సిల్వరు ఓకు చెట్లు, వానిని ప్రాకిన మిరియపు తీగెలు, వాని నీడలో కాఫీ మొక్కలు. కాఫీ ఎండను సహింపదు గనుక పెద్ద చెట్ల నీడలో పెంచుదురు. కార్తికమున కాయలు పచ్చనుండి ఎరుపునకు తిరుగుచుండెను. గిరిజన రైతులు పండించు నీ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. లోయలో వలిసె చేలు పసుపుపచ్చని పూలతో నిండియుండెను. బస్సులో పోవునప్పుడు ఈ చేలు రంగుగా మాత్రమే కనబడును. సైకిలుపై వాని వాసనయు, తుమ్మెదల రొదయు తెలియును. మార్గమధ్యమున బొర్రా గుహలకు చీలుదారి యున్నది. ఆ సున్నపురాతి గుహలగుండా పోవు గోస్తనీనది అనంతగిరి కొండలలో పుట్టి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమువద్ద సముద్రమున కలియును. మా యూరివైపు చేలకు వచ్చు నీరదియే యని తలచుకొని చేతులు జోడించితిని.

టైడా పైన నొక మలుపున నిలిచి నీరు త్రాగుచుండగా, కట్టెల మోపులతో ముగ్గురు గిరిజన స్త్రీలు వచ్చిరి. అందొకామె నా సైకిలును తేరిపార చూచి, "ఏ యూరికమ్మా పోతున్నారు? పని మీదేనా?" అని యడిగెను. పని లేదు, ఊరక పోవుచున్నామని చెప్పుటకు నాకు నోరు రాలేదు. ఆమె రోజును ఎక్కు కొండను నేను వేడుకకు ఎక్కుచున్నాను. వారి యూరికి రోడ్డు లేదట; ఆమె కోడలిని కాన్పునకు డోలీ కట్టి రోడ్డు వరకు మోసికొని వచ్చిరట. తల్లియు బిడ్డయు క్షేమమేనని చెప్పి నవ్వినది. మన్యమున నిట్టి గ్రామములు నేటికిని కలవు. ఈ నల్లని రోడ్డు మనకు విహారము; దాని అంచునకు చేరుటయే వారికి ప్రాణరక్షణ. ఆమె చోళ్ల అంబలి ఇచ్చినది, త్రాగితిమి. మా యొద్దనున్న అరటిపండ్లు ఇచ్చితిమి.

ఆ రాత్రి అనంతగిరిలో నిలిచి, మరునాడు గాలికొండ దాటి అరకు చేరితిమి. టైడా, అనంతగిరి, అరకులలో పర్యాటక శాఖవారి వసతిగృహములు కలవు. శీతకాలపు శని, ఆదివారములందు గదులు దొరకుట కష్టము, రోడ్డుపై కార్ల రద్దీయు విపరీతము. వారము మధ్యలో పోవుట మంచిది. వర్షాకాలమున కొండచరియలు జారును, మలుపులలో పాచి పట్టును, అప్పుడు పోవలదు.

ఇక నా పొరబాటు. మనుచరిత్రమున ప్రవరుడు పాదలేపము పూసికొని హిమగిరికి సుఖముగా చేరెను. ఆ పసరు మంచునకు కరగిపోగా, దిగివచ్చుటెట్లో తెలియక చిక్కుపడెను. ఎక్కుటను గూర్చియే యాలోచించి, దిగుటను మరచువారికందరికిని ఆ బ్రాహ్మణుని గతియే. నేను బయలుదేరుటకు ముందు టైర్లు చూచితిని, చైనుకు నూనె వేసితిని, పంక్చరు సామాను కట్టుకొంటిని. బ్రేకు రబ్బర్లు అరిగియున్నవేమో చూడలేదు.

మూడవనాడు గాలికొండనుండి దిగుచుండగా భయముచేత రెండు బ్రేకులను విడువక పట్టుకొంటిని. కొంత సేపటికి వ్రేళ్లు తిమ్మిరెక్కినవి, కాలిన రబ్బరు వాసన వచ్చినది. డముకు దాటిన పిమ్మట నొక వంపున నెదురుగా బస్సు వచ్చెను. బ్రేకు పిడి హాండిలును తాకువరకు నొక్కినను బండి నిలువలేదు. లోయవైపు పోక, కొండవైపు కాలువలోనికి బండిని త్రోసి పడితిని. మోచేయి గీరుకొనిపోయినది, ముంజేయి వాచినది. తలకు హెల్మెట్టు ఉండుటచే తల నిలిచినది; దానికొక గీటు పడినది. పిల్ల వెనుకనుండి వచ్చి, నన్ను చూచి, ముందుగా ఏడ్చి, పిమ్మట తిట్టినది. మేనత్త వరుసదానినైన నన్ను తిట్టుటకు దానికా దినమున హక్కున్నదని యూరకుంటిని. మిగిలిన ఘాటంతయు నడచి దిగితిమి.

తరువాత తెలిసికొన్నదిది. దిగునప్పుడు బ్రేకును ఎడతెగక పట్టినచో చక్రపు అంచు వేడెక్కి, రబ్బరు మెత్తబడి పట్టు తగ్గును. మలుపునకు ముందే, బండి నిటారుగా నుండగనే, రెండు బ్రేకులను గట్టిగా నొక్కి వేగము తగ్గించి, మలుపులో విడిచిపెట్టవలెను. బండిని నిలుపుటలో ముందు బ్రేకుదే పెద్ద పాలు. కాని దాని నొక్కదానినే హఠాత్తుగా పట్టరాదు. వంపులో వెలుపలివైపు పెడలు క్రిందికి, బరువు దానిపై నుండవలెను. చేతులు నొచ్చినచో సిగ్గుపడక నిలువుడు. ఇసుక కనబడినచోట దిగి నడువుడు.

దుస్తుల విషయము కూడ చెప్పవలెను. చీర కొంగును, చున్నీని చక్రపు ఊచలు, చైను సులభముగా లాగికొనును. బిగువైన పైజామా, మోకాళ్లవరకు చొక్కా చాలును. నన్నట్లు చూచి మా వీధిలో కొందరు మొగము త్రిప్పుకొనిరి, మొగములు వారివి.

దిగుటకు భయపడువారు సైకిలును రైలు బ్రేకువానులో సామానుగా బుక్కు చేసి అరకునుండి తెచ్చుకొనవచ్చును. బైలదిల్లా ఇనుపరాయిని విశాఖ రేవునకు తెచ్చుటకై 1960ల దశకమున నిర్మించిన మార్గమది; సొరంగము వెంట సొరంగము వచ్చును.

మా పిల్ల యిప్పుడు వేరొక దారి పట్టినది. అరకునుండి హుకుంపేట మీదుగా పాడేరునకు సుమారు 45 కిలోమీటర్లు. పాడేరు ఘాటులో దిగి మాడుగుల, చోడవరము మీదుగా విశాఖ చేరవచ్చును. నా ముంజేయి నయమైనది. క్రొత్త బ్రేకు రబ్బర్లు వేయించితిని. మా వారు పటమును విప్పి చూచి ఏమియు ననలేదు. మా అత్తగారు మాత్రము, "మాడుగుల మీదుగానా? అయినచో హల్వా తేవలెను. సంచి కట్టుకొనుటకు వెనుక చోటున్నదా?" అని యడిగిరి.