పాత ఇల్లు కొని బాగుచేయాలా? ముందు స్లాబు సంగతి చూడండి

పాత ఇంటి హాల్లో సీలింగ్‌కు ఓ సన్నని పగులు. దాని వెంట లేత గోధుమరంగు మరక. ఇల్లు చూపిస్తున్న వ్యక్తి "లప్పం పెట్టి రంగు వేస్తే కనపడదండీ" అంటాడు. ఆ మాట నిజమే. కనపడదు. కానీ ఆ పగులు పైన ఏం జరుగుతోందో తెలియకుండా ఇల్లు కొంటే, వచ్చే లాభమంతా అక్కడే ఆవిరి కావచ్చు.

తక్కువ ధరకు పాత ఇల్లు కొని, బాగుచేసి అమ్మాలనుకునేవారు మొదటిసారి వేసే అంచనాల్లో టైల్స్, రంగులు, వంటగది, బాత్‌రూమ్ అమరికలు ముందుంటాయి. వీటి ఖర్చు ఎవరైనా చెప్పగలరు. లెక్క తప్పేది కాంక్రీటు లోపలి ఇనుప చువ్వల దగ్గర. అక్కడ జరిగే రసాయన చర్యలు కొంత తెలిస్తే, ఇల్లు కొనాలా వద్దా అన్న నిర్ణయం తేలికవుతుంది.

చువ్వను కాపాడేదేమిటి?

సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్ తయారవుతుంది. దీనివల్ల కొత్త కాంక్రీటు పీహెచ్ విలువ 12.5 నుంచి 13 వరకు ఉంటుంది. ఇంతటి క్షార గుణంలో చువ్వ మీద అతి పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడి, తుప్పు పట్టకుండా కాపాడుతుంది.

గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కాంక్రీటులోని సన్నని రంధ్రాల గుండా మెల్లగా లోపలికి వెళ్లి, ఈ హైడ్రాక్సైడ్‌ను కాల్షియం కార్బొనేట్‌గా మారుస్తుంది. దీన్నే కార్బనేషన్ అంటారు. గోడకు వేసిన సున్నం గట్టిపడేది కూడా ఈ చర్యతోనే. సున్నానికి మేలు చేసే ఆ చర్యే చువ్వకు ముప్పు తెస్తుంది. పీహెచ్ 9 కంటే దిగువకు పడిపోతే రక్షణ పొర నిలవదు. అప్పుడు తేమ, ఆక్సిజన్ అందితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికే కాంక్రీటు పగిలి, పెచ్చులు ఊడిపడతాయి.

5 మిల్లీమీటర్ల విలువ

చువ్వకూ బయటి ఉపరితలానికీ మధ్య ఉండే కాంక్రీటు మందాన్ని కవర్ అంటారు. సాధారణ వాతావరణంలో ఇది 20 మి.మీ., సముద్ర తీరంలో 45 మి.మీ. ఉండాలని భారత ప్రమాణం ఐఎస్ 456:2000 చెబుతోంది.

కార్బనేషన్ లోతు కాలం వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. ఒక ఇంట్లో మొదటి 10 ఏళ్లలో అది 10 మి.మీ. లోపలికి వెళ్లిందనుకుందాం. 20 మి.మీ. చేరడానికి 40 ఏళ్లు పడుతుంది. కట్టేటప్పుడు మేస్త్రీ కవర్ బ్లాకులు సరిగా పెట్టక కవర్ 15 మి.మీ.కే పరిమితమైతే 22 ఏళ్లు దాటగానే అది చువ్వను చేరుతుంది. 5 మి.మీ. తగ్గినందుకు 17 ఏళ్లకు పైగా నష్టపోయినట్టే.

తీరప్రాంతంలో మరో ప్రమాదం ఉంది. ఉప్పుగాలి నుంచో, సరిగా కడగని సముద్రపు ఇసుక నుంచో వచ్చే క్లోరైడ్లు, పీహెచ్ ఎక్కువగా ఉన్నా రక్షణ పొరను ఛేదిస్తాయి.

కొనే ముందు ఏం చూడాలి?

తేమ నిలిచే చోట్లే తుప్పు ముందుగా కనిపిస్తుంది. అందుకే హాలు కంటే ముందు బాత్‌రూమ్ కింది స్లాబు, వాటర్ ట్యాంకు కింది భాగం, సన్‌షేడ్లు, బాల్కనీ అంచులు చూడాలి. చిన్న సుత్తితో తట్టినప్పుడు డొల్ల శబ్దం వస్తే పై పొర విడిపోయిందని అనుమానించాలి. చువ్వ పొడవునా సాగిన పగులు, తుప్పు మరక కలిసి ఉంటే అది కేవలం ప్లాస్టరింగ్ లోపం కాకపోవచ్చు.

అనుమానం వస్తే స్ట్రక్చరల్ ఇంజినీరుతో పరీక్షలు చేయించాలి. కాంక్రీటును కొద్దిగా చెక్కి, తాజా ఉపరితలంపై ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షార గుణం ఉన్న భాగం గులాబీ రంగుకు మారుతుంది. రంగు రాని భాగం ఎంత లోతు ఉందో కొలిచి కవర్‌తో పోలిస్తే, చువ్వకు రక్షణ మిగిలి ఉందో లేదో తెలుస్తుంది. తీరప్రాంతపు ఇళ్లకు ఇది చాలదు. కాంక్రీటు పొడి తీసి క్లోరైడ్లు ఎంత ఉన్నాయో కూడా చూడాలి.

అల్ట్రాసోనిక్ పరీక్షలో ధ్వని తరంగాల వేగాన్ని కొలుస్తారు. వేగం సెకనుకు 4.5 కి.మీ. దాటితే కాంక్రీటు దట్టంగా ఉన్నట్టు. 3 కి.మీ. కంటే తక్కువైతే లోపల ఖాళీలో, పగుళ్లో ఉన్నాయని అనుమానించాలి. ఈ పరీక్షలన్నీ అడ్వాన్స్ ఇవ్వక ముందే, యజమాని అనుమతితో చేయించుకోవాలి.

అతుకు ఎందుకు నిలవదు?

పెచ్చు ఊడిన చోట కొత్త మాల్ పెట్టి వదిలేస్తే, కొంతకాలానికి దాని పక్కనే మళ్లీ ఊడిపోవడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. తుప్పు ఒక చిన్న బ్యాటరీలా పనిచేస్తుంది. ఒకచోట ఇనుము కరుగుతూ, పక్క భాగాన్ని కాపాడుతూ ఉంటుంది. కొత్త మాల్ పెట్టిన చోట తుప్పు ఆగిపోతే, క్లోరైడ్లున్న పాత కాంక్రీటులోని పక్క భాగం కరగడం మొదలవుతుంది.

కాబట్టి ముందు నీరు ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టి ఆపాలి. తర్వాత మంచి ఇనుము కనిపించేదాకా, చువ్వ వెనక కూడా వేలు దూరేంత ఖాళీ వచ్చేలా పాత కాంక్రీటు తీసేయాలి. చువ్వను శుభ్రం చేసి, జింక్ ఎక్కువగా ఉండే ప్రైమర్ పూసి, మరమ్మతు కోసమే తయారైన మోర్టార్ వాడాలి. చువ్వ బాగా సన్నబడితే ఏం చేయాలో ఇంజినీరే తేల్చాలి. ఈ ఖర్చు రంగుల ఖర్చుకు ఎన్నో రెట్లు.

కొత్త అందం, కొత్త బరువు

పాత ఫ్లోరింగ్ తీయకుండా దానిపైనే 50 మి.మీ. మాల్ వేసి టైల్స్ పరిస్తే, మాల్ ఒక్కటే చదరపు మీటరుకు దాదాపు 100 కిలోల బరువు అవుతుంది. ఇళ్లలో మనుషులు, సామాను కోసం డిజైన్‌లో వేసుకునే భారం చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. అంటే అందులో సగం మనమే ముందుగా వాడేసినట్టు. హాలు విశాలంగా కనిపించాలని గోడ తీసేయడమూ అంతే. స్తంభాలు లేని పాత ఇళ్లలో 9 అంగుళాల గోడలే స్లాబును మోస్తాయి.

మరమ్మతు అంచనా మొదట ఇంజినీరు నివేదికతో మొదలవ్వాలి, టైల్స్ దుకాణంలో కాదు. కార్బనేషన్ చువ్వ దాకా రాకపోతే, చెమ్మకు కారణం పాడైన పైపు మాత్రమే అయితే, పాతబడినట్టు కనిపించే ఇల్లు మంచి బేరమే. దూలాలు, స్తంభాల్లోనే తుప్పు ముదిరితే ఆ ఇంటి ధరను స్థలం విలువతోనే లెక్కించాలి, లేదా వదులుకోవాలి. లప్పం కింద దాచి అమ్మితే డబ్బులు రావచ్చు. కానీ ఆ స్లాబు కింద రేపు మరో కుటుంబం నిద్రపోతుంది.